ద్రావణి సాక్షియా, పాత్రధారియా?



రేడియోలో పని చేయువారికి నిత్యానుభవమైన సంగతి యొకటి కలదు. ఒకే మనిషి, ఒకే గొంతుతో, ఒకే వాక్యమును రెండు గదులలో చదివినచో అది ఒకే విధముగా వినిపించదు. గోడలకు మెత్తని పలకలు బిగించి, నేలపై తివాచీ పరచిన స్టూడియోలో పలికిన మాట చెవి దగ్గరకు వచ్చి చెప్పినట్లుండును. సున్నము వేసిన ఖాళీ హాలులో అదే మాట గోడ గోడకును తగిలి, తిరిగి వచ్చి, తన మీద తానే పడి చెదరిపోవును. గోడ నోరు విప్పదు. అయినను మాట యెట్లు వినబడవలెనో నిర్ణయించుటలో దానికి పాలు కలదు. ఇరువది యేండ్లుగా మైకు ముందు కూర్చుండుచున్న నేను ఈ సంగతిని ఒక్కనాడును మరచిపోవుటకు వీలు లేకపోయినది.

నేటి ప్రసంగము గోడలను గూర్చినది కాదు. రసాయన శాస్త్రజ్ఞుని గాజుకుప్పెలో గోడవంటి పనినే చేయు ద్రావణిని గూర్చినది.

ద్రావణి యననేమి? పంచదారను నీటిలో కరగించినప్పుడు నీరు ద్రావణి. గోళ్ళరంగును తుడుచు ఎసిటోను, తలుపుల రంగును పలుచన చేయు టర్పెంటైను గూడ ద్రావణులే. ప్రయోగశాలలో రెండు పదార్థములను కలిపి మూడవదానిని చేయదలచినప్పుడు సాధారణముగా వానిని ఒక ద్రవములో కరగింతురు. కరగిన అణువులు స్వేచ్ఛగా తిరుగుచు ఒకదానినొకటి తాకును, చర్య జరుగును. అంతట ద్రావణిని ఆవిరిగా మార్చి తొలగింతురు. తయారైన పదార్థములో దాని జాడ యుండదు. కావుననే ద్రావణి పెండ్లిపందిరివంటిదనియు, వధూవరుల యోగ్యతతో పందిరికి సంబంధము లేదనియు పలువురు చాలకాలము తలచిరి.

ఆ తలంపు సరికాదని రష్యా దేశపు రసాయనజ్ఞుడు నికొలాయ్ మెన్షూట్కిన్ 1890లోనే చూపెను. ట్రైఇథైల్ ఎమీన్, ఇథైల్ అయొడైడ్ అను రెండు పదార్థములను ఆయన ఇరువదికి పైగా ద్రావణులలో కలిపి, చర్యావేగమును కొలిచెను. హెక్సేను అను నూనెవంటి ద్రవములో కంటె బెంజైల్ ఆల్కహాలులో ఆ చర్య 700 రెట్లకు మించిన వేగముతో జరిగెను. ఆ చర్యలో ధన, ఋణ విద్యుదావేశములు క్రొత్తగా పుట్టును. ఆవేశములను చుట్టుముట్టి నిలువరింపగల ద్రావణి వాని పుట్టుకకు తోడ్పడునని తరువాతివారు కారణము చెప్పిరి. ఇది సులభముగనే మనసుకెక్కును.

మరి ఆవేశములు పుట్టని చర్యల సంగతి యేమి? అవి ద్రావణిని లక్ష్యపెట్టవా? ఈ ప్రశ్నకు సరియైన సమాధానము దొరకుటకు మరి తొంబది సంవత్సరములు పట్టినది. ఆ కథయే నేడు మీకు చెప్పదలచితిని.

1928లో జర్మనీ దేశమున కీల్ విశ్వవిద్యాలయములో ఆటో డీల్స్ అను ఆచార్యుడును, ఆయన శిష్యుడు కుర్ట్ ఆల్డర్ అను యువకుడును ఒక చర్యను వివరించి ప్రకటించిరి. దాని స్వరూపము చాల సరళమైనది. నాలుగు కార్బన్ పరమాణువులు వరుసగా నిలిచి, వాని నడుమ రెండు ద్విబంధములు గల అణువు ఒకటి. దీనిని డయీన్ అందురు. రెండు కార్బన్ల నడుమ ఒక ద్విబంధము గల అణువు మరియొకటి. ఇది డయీనును వెదకుకొని పోవునది గనుక దీనికి డయీనోఫైల్ అని, అనగా డయీన్ ప్రియమని పేరు పెట్టిరి. ఒప్పులకుప్ప ఆడు ఇద్దరు బాలికలు ఎదురెదురుగా నిలిచి రెండేసి చేతులను ఒక్కమారే పట్టుకొనినట్లు, ఈ రెండు అణువులును రెండు కొసలయందును ఒక్కమారే కలిసికొనును. ఆరు కార్బన్ల వలయము ఒకటి యేర్పడును. విడిపోయి వృథా యగు పరమాణువు ఒక్కటియు నుండదు. ఇట్లు వలయమును కూర్చు చర్యలకు చక్రీయ సంకలనములని పేరు.

ఈ చర్యను కనుగొనినందుకు గురుశిష్యు లిరువురికిని 1950లో నోబెల్ బహుమానము లభించినది. బహుమానము తగినదే. మన దేశములో తరతరములుగా వైద్యమునకు వాడుచున్న సర్పగంధి వేరులో రిసర్పిన్ అను పదార్థము కలదు. అది రక్తపు పోటును తగ్గించును. దానిని ప్రయోగశాలలో మొదటినుండి కట్టిన వుడ్వర్డ్ అను అమెరికా శాస్త్రజ్ఞుడు 1956లో తన పని ఫలితమును ప్రకటించెను. ఆ నిర్మాణమునకు పునాదిరాయి డీల్స్-ఆల్డర్ చర్యయే.

ఈ చర్యలో ఆవేశములు పుట్టవు. పాత బంధములు సడలుటయు, క్రొత్తవి బిగియుటయు ఒక్క ఊపులో జరుగును. 1930 దశకములో సైక్లోపెంటాడయీన్ అను డయీను తనతో తానే జతకూడు వేగమును కొలిచినవారికి, వాయు స్థితిలోను, బెంజీనులోను, ఆల్కహాలులోను ఆ వేగము ఇంచుమించు ఒకే తీరుగ నున్నట్లు కనబడినది. భేదము మూడు నాలుగు రెట్లకు మించలేదు. ఇంకేమి? డీల్స్-ఆల్డర్ చర్యకు ద్రావణితో పనిలేదని పాఠ్యపుస్తకములు వ్రాసుకొనినవి. విచిత్రమేమనగా, డీల్స్, ఆల్డర్‌లే 1931లో ఫ్యూరాన్, మెలియిక్ ఆమ్లము అను పదార్థములను వేడినీటిలో కలిపి ఈ చర్యను జరిపించిరి. నీటిలో జరిగినదని అందరును చదివిరి. ఎంత వేగముగ జరిగినదని ఎవరును కొలువలేదు.

దీనికి కారణ మొకటి కలదు. నేను కళాశాలలో రసాయన శాస్త్రము చదువు దినములలో మా ప్రయోగశాలాధ్యాపకుడు మొట్టమొదట చెప్పిన మాట, కుప్పెలో నీటి తడి యుండరాదని. కుప్పెలను పొయ్యిలో నెండబెట్టి, ద్రావణిని సోడియము తీగతో పొడిచేసి, అప్పుడు పని ప్రారంభించెడివారము. కొన్ని చర్యలకు నీరు నిజముగనే శత్రువు. ఆయన చెప్పినది అబద్ధము కాదు. కాని అట్టి జాగ్రత్త క్రమముగా మడివంటిదై, నీరనగనే దూరముగ జరుగు అలవాటు పుట్టినది. పైగా కార్బన్ సమ్మేళనములలో పెక్కు నూనెలవంటివి, నీటిలో కరగవు. కరగనిది కలియదని, కలియనిది చర్య జరుపదని మా తరగతిలో అందరమును నమ్మితిమి. ఎవడైనను లేచి, పరీక్షించి చూచితిరా యని అడిగియుండినచో ఏమి జవాబు వచ్చియుండెడిదో! అడుగవలెనని మాకు తోచనైనను లేదు. ఆ ప్రశ్న నడిగినవారు, దానికి జవాబు కూడ చెప్పినవారు, అప్పటికే యుండిరని నాకు చాలకాలమునకు గాని తెలియలేదు.

వారు న్యూయార్కులోని కొలంబియా విశ్వవిద్యాలయమునకు చెందిన రొనాల్డ్ బ్రెస్లో, ఆయన శిష్యుడు డారిల్ రైడౌట్. మన దేహములోని ఎంజైములు సమస్త కార్యములను నీటి నడుమనే నడపుచున్నవి గదా, ఆ ఉపాయమేమో తెలిసికొనవలెనని బ్రెస్లో కుతూహలము. 1980లో వారు సైక్లోపెంటాడయీనును, మిథైల్ వినైల్ కీటోన్ అను డయీనోఫైలును మూడు ద్రావణులలో, 20 డిగ్రీల సెంటీగ్రేడు ఉష్ణోగ్రతలో, కలిపి చూచిరి. మొదటిది ఐసోఆక్టేను, పెట్రోలు నాణ్యతను కొలుచుటకు ప్రమాణముగా పెట్టుకొనిన ద్రవము. రెండవది మిథైల్ ఆల్కహాలు. మూడవది మంచినీరు.

ఐసోఆక్టేనులోని వేగమును ఒకటి యనుకొనినచో, మిథైల్ ఆల్కహాలులో అది సుమారు 13. నీటిలో సుమారు 740! అనగా ఐసోఆక్టేనులో ఒక పగలు, ఒక రాత్రి పట్టు పని, పదార్థముల మోతాదు మారకయే, నీటిలో రెండు నిమిషములలో ముగియును. ద్రావణితో నిమిత్తము లేదని పుస్తకములు చెప్పిన చర్యయే యిది. పుస్తకములు కొలిచినవారిని తప్పుపట్టుటకు లేదు. వారి కొలతలు సరియైనవే. వారు కొలిచిన ద్రావణులలో నీరు లేదు, అంతే.

ఇట్లేల జరిగినది? జవాబు మన వంటయింటిలోనే యున్నది. పోపు వేసిన చారు గిన్నెలో నూనె బొట్లు తేలుచుండును. గరిటెతో కలిపినచో అవి చిన్న చిన్న బొట్లుగా చెదరును. గరిటె తీసిన కొంతసేపటికి ఒక బొట్టు మరియొక బొట్టును చేరి మరల పెద్దవగును. నూనె బొట్ల నడుమ ప్రత్యేకమైన ఆకర్షణ యేదో యున్నదని తలపవద్దు. నీటి అణువులు హైడ్రోజన్ బంధములచే ఒకదానినొకటి గట్టిగ పట్టుకొనియుండును. నూనె అణువు వాని నడుమకు వచ్చినచో ఆ పట్టుకు భంగము. నూనె అణువులు రెండు ఒకచోట చేరినచో నీటికి తగులు హద్దు తగ్గును, భంగమును తగ్గును. కావున నీరే వానిని ఒకచోటికి నెట్టివేయును. జలవిరోధి ప్రభావమని దీనికి పేరు.

చక్రీయ సంకలనములో జరుగవలసినదియు నదియే. నూనెవంటి రెండు అణువులు దగ్గరకు చేరి, ముఖాముఖిగా అతుకుకొని, రెండింటికంటె తక్కువ చోటును ఆక్రమించు నొక రూపమును క్షణకాలము పొందవలెను. ఈ నడిమి రూపమును పరివర్తన స్థితి యందురు. ఎట్టి చర్యకైనను ఈ స్థితి కొండ కనుమవంటిది. దానిని దాటుట యెంత సులభమైన చర్య యంత వేగము. చెదరియున్న రెండు అణువులకంటె, అణగిమణగి దగ్గరగా నున్న ఈ రూపము నీటికి తక్కువ భంగకరము. అందుచే నీరు కనుమ ఎత్తును తగ్గించినట్లగును.

బ్రెస్లో ఈ ఊహను చెప్పి ఊరకుండలేదు. దానిని పరీక్షకు పెట్టెను. లిథియమ్ క్లోరైడు అను లవణమును నీటిలో కలిపినచో నూనెవంటి పదార్థములను నీరు మరింత గట్టిగ వెలివేయును. ఊహ నిజమైనచో వేగము పెరుగవలెను. పెరిగెను, రెండున్నర రెట్లాయెను. గ్వానిడినియమ్ క్లోరైడు అను వేరొక లవణము ఆ వెలివేతను సడలించును. దానిని అంతే మోతాదులో కలిపినప్పుడు వేగము పెరుగలేదు. పిమ్మట, చక్కెర అణువులు గుండ్రముగ కూడి గిన్నెవలె నుండు సైక్లోడెక్స్‌ట్రిన్ అను పదార్థమును ప్రయోగించిరి. పెద్ద గిన్నె వాడినప్పుడు రెండు అణువులును దానిలో నిమిడినవి. వేగము మరల రెండున్నర రెట్లు పెరిగినది. చిన్న గిన్నెలో రెండింటికిని చోటు చాలలేదు, వేగము తగ్గినది. ఊహను ఇన్నివైపులనుండి తట్టి చూచుటయే శాస్త్రమునకు శోభ.

అయితే కథ యింతటితో పూర్తికాలేదు. 1990 ప్రాంతమున నెదర్లాండ్సులో యాన్ ఎంగ్‌బర్ట్స్ బృందమువారును, అమెరికాలో కంప్యూటరు గణనలతో విలియమ్ జోర్గెన్సెన్‌ను రెండవ కారణమును వెలికి తీసిరి. డయీనోఫైలులోని ఆక్సిజన్‌ను నీటి అణువులు హైడ్రోజన్ బంధములతో పట్టుకొనును. ఆ పట్టు ప్రారంభములో కంటె పరివర్తన స్థితిలో మరింత బిగియును. అనగా నీరు వెనుకనుండి నెట్టుటయే కాక, ముందునుండి చేయూత కూడ నిచ్చుచున్నది.

ఇంతవరకు వేగమును గూర్చి చెప్పితిని. దానికంటె ముఖ్యమైనది మరియొకటి యున్నది. అది వరణము, అనగా ఎంపిక. రెండు అణువులు కలిసికొనునప్పుడు రెండు విధములుగ కలిసికొనవచ్చును. ఒకే కొలతలతో, ఒకే సామానుతో కట్టిన రెండిండ్లలో ఒకదాని యరుగు వీధివైపునకును, మరియొకదాని యరుగు పెరటివైపునకును ఉన్నదనుకొనుడు. అణువులలో గూడ అట్లే, డయీనోఫైలునకు తగిలియున్న కొమ్మ లోపలివైపునకు తిరిగినచో ఎండో రూపమనియు, వెలుపలికి తిరిగినచో ఎక్సో రూపమనియు నందురు. ఇది చిన్న భేదము కాదు. ఔషధము దేహములో పని చేయుట తాళపుచెవి తాళములో తిరుగుట వంటిది. పన్ను ఒకటి అటునిటైనచో తాళము తెరచుకొనదు. కోరని రూపము పుట్టినంతమేర శ్రమయు, ద్రవ్యమును వ్యర్థము. పైగా ఒకదానినుండి మరియొకదానిని వేరుచేయుట మరింత శ్రమ.

ఈ ఎంపికపై గూడ ద్రావణికి అధికారము కలదని 1962లో అమెరికాలో జెరోమ్ బెర్సన్, ఆయన సహచరులు చూపిరి. ద్రావణి యొక్క ధ్రువ స్వభావము పెరిగినకొలది ఎండో రూపము పాలు పెరుగును. ఈ నియమము ఎంత నమ్మదగినదో యనగా, ఎండో, ఎక్సోల నిష్పత్తిని కొలిచి ద్రావణి స్వభావమునే లెక్కకట్టు ఒక కొలమానమును వారు తయారుచేసిరి. బ్రెస్లో బృందమువారు 1983లో తమ చర్యనే మరల పరిశీలించిరి. వేరు ద్రావణి లేక, సైక్లోపెంటాడయీన్ ద్రవములోనే చర్య జరిగినప్పుడు ఒక్క ఎక్సోకు ఎండోలు ఇంచుమించు 4. ఇథైల్ ఆల్కహాలులో ఎనిమిదిన్నర. నీటిలో 21. నూటికి ఇరువది వంతులు వ్యర్థమగుచుండిన చోట, నీటిలో అయిదు వంతులైనను వ్యర్థము కాలేదు. లోపలికి ముడుచుకొనిన ఎండో రూపపు పరివర్తన స్థితి చిన్నది. దాని ధ్రువత్వము ఎక్కువ. నీటికి రెండు విధములను ఇష్టమైనది అదియే.

అన్ని చక్రీయ సంకలనములును ఇట్లే ప్రవర్తించునని తలపరాదు. రెండు కొసలును ఒక్కమారే కలియక, ఒకటి ముందు, ఒకటి వెనుకగా కలియు చర్యలు కొన్ని కలవు. అట్టివానిలో నడుమ కొంతసేపు ధన, ఋణావేశములు విడివిడిగా నిలుచును. జర్మనీలో రోల్ఫ్ హ్యూస్గెన్ 1970 దశకములో అట్టి చర్యలను పరీక్షింపగా, సైక్లోహెక్సేను బదులు ఎసిటోనైట్రైలు వాడినంతమాత్రముననే వేగము వేల రెట్లు పెరిగినది. కావున ద్రావణిని మార్చి వేగమును కొలుచుట, కంటికి కనబడని చర్యా మార్గమును కనిపెట్టు సాధనము కూడ నైనది.

ఇక్కడ మీకొక సందేహము రావలెను. నూనెవంటి పదార్థములు నీటిలో అత్యల్పముగనే కరగును గదా! బ్రెస్లో వాడిన ద్రావణములు చాల పలుచనివి. పిడికెడు పదార్థము చేయుటకు గంగాళములకొలది నీరు కావలెనా? దీనికి 2005లో బారీ షార్ప్‌లెస్ బృందము ఆశ్చర్యకరమైన సమాధానము నిచ్చినది. క్వాడ్రిసైక్లేన్ అను ద్రవమును ఒక అజో సమ్మేళనముతో కలిపి, అసలు కరగించు ప్రయత్నమే లేక, నీటిపై తేలనిచ్చి గట్టిగ కలియబెట్టిరి. టొల్యూనులో ఆ చర్యకు అయిదు దినములకు మించి పట్టును. మిథైల్ ఆల్కహాలులో 18 గంటలు. ద్రావణి లేకయే కలిపినచో 48 గంటలు. నీటిపై, గదిలోని సామాన్యమైన ఉష్ణోగ్రతయందు, 10 నిమిషములు! కరగనిది చర్య జరుపదను మా తరగతి నమ్మకము ఆ పది నిమిషములతో తుడిచిపెట్టుకొనిపోయినది. నీటి ఉపరితలమున సుమారు నాలుగింట ఒక అణువు తన చేయి యొకటి ఖాళీగా నూనెవైపు చాచియుండుననియు, ఆ చేయియే చర్యకు ఊతమగుననియు రుడాల్ఫ్ మార్కస్ 2007లో సిద్ధాంతీకరించెను.

ఈ ప్రయోగశాల వార్తలు మనకెందులకని మీరడుగవచ్చును. మనకే కావలెను. ఔషధములు తయారుచేయుటలో వాడు సామగ్రి తూకములో పెద్దపాలు మందు దినుసులది కాదు, ద్రావణులది. హైదరాబాదు చుట్టుపట్ల జీడిమెట్ల, బొల్లారం, పటాన్‌చెరు ప్రాంతములలో ఔషధ పరిశ్రమ పెరిగి దేశమునకు చవకగా మందులనిచ్చినది. వేలకొలది కుటుంబములకు జీవనమైనది. ఆ పరిసరముల చెరువులు, బావులు చెడి, రైతులు న్యాయస్థానముల మెట్లెక్కిన చరిత్రయు దానితోడనే యున్నది. రాత్రివేళ ఆ దారిని పోవువారికి గాలిలో తగులు ఘాటు ద్రావణుల ఆవిరి కలిసిన గాలిదే. ఏ ద్రావణిని వాడవలెనను ప్రశ్న ఆ యూళ్ళవారికి పుస్తకములోని ప్రశ్న కాదు, బావినీటి ప్రశ్న.

అట్లని, నీరు వాడినంతమాత్రమున పాపమంతయు కడుగుకొనిపోవునని చెప్పను. 2007 ప్రాంతమున రసాయనజ్ఞులే కొందరు ఈ విషయమున హెచ్చరించిరి. చర్య ముగిసిన పిదప ఆ నీటిలో మాలిన్యము మిగులును. దానిని శుభ్రపరచుట టొల్యూనును మరిగించి పట్టుకొనుటకంటె కష్టమైనచో లాభమేమి? తయారైన పదార్థమును నీటినుండి వేరుచేయుటకు మరల వేరొక ద్రావణినే వాడవలసివచ్చినచో పొదుపేమి? మొదటినుండి చివరివరకు లెక్క చూడవలెను. టొల్యూనుకు ఐదు దినములు, నీటికి పది నిమిషములు అను లెక్క యెంత నిజమో, కాలువలో కలియు నీటి లెక్కయు నంతే నిజము.

అయినను ఈ చరిత్రలో నాకు తోచిన నీతి యొకటి యున్నది. 1931లో నీటిలో జరిగిన చర్యను 1980లో గాని ఎవరును కొలువలేదు. నడుమ యాబది యేండ్లు గడచినవి. పరికరములు లేకపోలేదు, బుద్ధిమంతులు లేకపోలేదు. అందరికంటె చవకయైనది, అందరి యింట నున్నది, అడుగకుండ దొరకునది గనుక నీటిని ఎవరును లెక్కలోనికి తీసికొనలేదు. పాత్రధారిని సాక్షి యనుకొని ప్రక్కన కూర్చుండబెట్టిరి.

నేడు రాత్రి భోజనమువేళ చారు గిన్నెలో నూనె బొట్లు ఒకదానినొకటి చేరుకొనుట కనబడినచో, మీ పిల్లలకు చూపుడు. ఆ బొట్లను ఒకచోట చేర్చుచున్నది నీరని చెప్పుడు. ఎందుకని వారడిగినచో, ఆ ప్రశ్నను కసరి ఆపవద్దు. మా తరగతిలో ఎవరును అడుగని ప్రశ్న అదియే.